ఇల్లు మారేటప్పుడే రెండో లైను వేయించుకోండి

ఇల్లు మారే తేదీ ఖాయం కాగానే మొదలుపెట్టాల్సిన పనుల్లో ఫోన్, బ్రాడ్‌బ్యాండ్ ముందుండాలి. సామాను మోసే బండి రెండు రోజుల ముందు చెప్పినా దొరుకుతుంది. లైను అలా దొరకదు. వీధిలోని బాక్సులో ఖాళీ పోర్టు ఉండాలి, ఇంట్లోకి తీగ రావడానికి దారి ఉండాలి, మనిషి వచ్చి బిగించాలి, ఆ తర్వాత కంపెనీ వాళ్లు తమ సిస్టంలో యాక్టివేట్ చేయాలి. వీటిలో ఏ ఒక్కటి ఆగినా కొత్త ఇంట్లో నెట్ లేకుండానే వారాలు గడిచిపోతాయి. ఇంటి నుంచి పనిచేసేవాళ్లు, ల్యాండ్‌లైన్ నంబరు మీద వ్యాపారం నడిపేవాళ్లు రెండో లైను గురించి ఆలోచించాల్సింది సరిగ్గా ఇప్పుడే. గోడలు ఖాళీగా ఉంటాయి, బీరువాలు అడ్డం రావు, పాత లైను ఇంకా పనిచేస్తూనే ఉంటుంది.

మీకు కావాల్సింది రెండో నంబరా, రెండో బ్రాడ్‌బ్యాండా అన్నది మొదట తేల్చుకోండి. ఈ రెండూ ఒకటే అనుకుని అనవసరంగా రెండో కనెక్షన్ తీసుకునేవాళ్లు చాలామంది. రాగి తీగ కాలంలో ఒక నంబరుకు ఒక జత తీగ కావాలి కాబట్టి రెండో నంబరంటే రెండో లైనే. ఇప్పుడు ఫైబర్ మీద ఫోన్ కూడా ఇంటర్నెట్ డేటాగానే వెళ్తుంది. మామూలు నాణ్యత ఉన్న ఒక కాల్‌కు అటు, ఇటు కలిపి కాదు, ఒక్కో వైపు సుమారు 90 కిలోబిట్లు చాలు. ఒకే ఫైబర్ మీద రెండు, మూడు నంబర్లు హాయిగా నడుస్తాయి. ఓఎన్‌టీ (ఫైబర్ వచ్చి తగిలే కంపెనీ పెట్టె) వెనక ఫోన్ జాక్‌లు రెండుంటే రెండో నంబరును అందులోనే ఇవ్వమని అడగండి. నంబరు కోసం అయితే అంతే, ఇక తీగ లాగే పని లేదు. రెండో బ్రాడ్‌బ్యాండ్ కావాల్సింది ఒకటి తెగినా పని ఆగకూడదనుకున్నప్పుడు, లేదా ఆఫీసు పనిని ఇంటి వాడకం నుంచి విడిగా ఉంచాలనుకున్నప్పుడు.

ఇక వరస. చాలామంది కంపెనీకి ఫోన్ చేసి "షిఫ్టింగ్" అడుగుతారు. షిఫ్టింగ్ అంటే పాత చోట మూసి కొత్త చోట తెరవడం, మధ్యలో ఖాళీ తప్పదు. ఆ ఖాళీ ఎంత పెరుగుతుందో ఎవరూ మాట ఇవ్వరు. పాతదాన్ని ముట్టుకోకుండా, కొత్త చిరునామాకు కొత్త కనెక్షన్ విడిగా పెట్టించడం మేలు. అది పనిచేస్తోందని కళ్లారా చూశాక పాత నంబరును దాని మీదికి మార్పించుకుని, చివరికి పాతది సరెండర్ చేయండి. ఒక నెల రెండు బిల్లులు పడతాయి. పడనివ్వండి, ఈ పని మొత్తంలో తక్కువలో పోయే ఖర్చు అదే.

నంబరు విషయంలో ఒక్క సంగతి గట్టిగా గుర్తుంచుకోండి: లైను బతికి ఉన్నంతవరకే నంబరు కదులుతుంది. ముందు రద్దు చేసి తర్వాత "ఆ నంబరు కొత్త ఇంటికి ఇవ్వండి" అంటే, అప్పటికే అది మీ పేరు మీద ఉండదు. పోర్టింగ్ (పాత నంబరును కొత్త కనెక్షన్‌కు మార్చడం) వీలున్న చోట, ఆ దరఖాస్తులో పేరు, చిరునామా పాత బిల్లులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా రాయాలి. కొత్త చిరునామా రాయడం వల్ల తిరస్కరణకు గురైన దరఖాస్తులు కొల్లలు. ఇంకో చిక్కు: పాత ఇంట్లో ఫోన్, డీఎస్‌ఎల్ (ఫోన్ రాగి తీగ మీద వచ్చే బ్రాడ్‌బ్యాండ్) ఒకే రాగి జత మీద ఉంటే, నంబరు వెళ్లిపోయిన క్షణాన చాలాచోట్ల ఆ డీఎస్‌ఎల్ కూడా మూతపడుతుంది. అందుకే పోర్టింగ్ తేదీని సామాను దించిన రోజు తర్వాతే పెట్టించుకోవాలి. రాగి లైన్ల నంబర్లు ఎక్స్ఛేంజి పరిధికి కట్టుబడి ఉంటాయి. పరిధి దాటి వెళ్తుంటే ఆ నంబరును ఇంటర్నెట్ ఫోన్ సేవకు మార్చుకునే వీలుందేమో ముందే అడగండి.

కొత్త ఇంట్లో మీకంటే ముందున్నవాళ్ల లైను ఇంకా రద్దు కాకపోవడం మామూలే. అప్పుడు కంపెనీ రికార్డులో ఆ చిరునామాకు పోర్టు నిండి ఉన్నట్టు కనిపిస్తుంది. అలాంటప్పుడు రెండు రకాలుగా చెడుతుంది. మీ దరఖాస్తు ఆగిపోవచ్చు, లేదా ఉన్న లైనునే మీ పేరుకు మార్చేసి "అయిపోయింది" అనవచ్చు. మీరు రెండు లైన్లు అడిగితే రెండో దరఖాస్తు మొదటిదాన్ని మింగేసే ప్రమాదం కూడా ఇక్కడే ఉంది. అందుకని ఆర్డరులో "ఉన్నదానికి బదులుగా కాదు, అదనపు లైను" అని రాతపూర్వకంగా ఉండేలా చూడండి. మునుపటివాళ్లు సరెండర్ చేసిన తేదీ ఇంటి యజమాని ద్వారానైనా తెలుసుకోండి.

ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు గోడ మీద నాలుగు ఫోన్ సాకెట్లు కనిపిస్తే నాలుగు లైన్లు ఉన్నాయని కాదు. దాదాపు ఎప్పుడూ అవన్నీ ఒకే జతకు సమాంతరంగా కలిపినవే. తెలుసుకోవడం తేలిక: మామూలు తీగ ఫోన్ ఒకటి తీసుకెళ్లి ప్రతి సాకెట్‌కూ తగిలించి, దాన్నుంచి మీ మొబైల్‌కు కాల్ చేయండి. అన్నిచోట్లా ఒకే నంబరు పడితే ఒకటే లైను. ఆరు గాడులున్న చిన్న ఫోన్ జాక్‌లో మధ్యలోని మూడు, నాలుగు పిన్నులు మొదటి లైనుకు, వాటికి అటూ ఇటూ ఉన్న రెండు, అయిదు పిన్నులు రెండో లైనుకు. బయటి నుంచి వచ్చే తీగలో రెండో జత ఉంటే, ఎక్స్ఛేంజి వైపు ఖాళీ దొరికితే, కొత్త తీగ లాగకుండానే రెండో లైను వస్తుంది. ఎక్స్ఛేంజి వైపు జతలు తక్కువైనప్పుడు ఒకే జత మీద రెండు నంబర్లు నడిపే పరికరం పెట్టే పద్ధతి ఒకటుంది. మాటలకు అది సరిపోతుంది కానీ డీఎస్‌ఎల్ దాని మీద నడవదు. కాబట్టి ప్రత్యేక జతే కావాలని అడగాలి. డీఎస్‌ఎల్ రెండు లైన్ల మీదా ఉంటే ప్రతి ఫోన్‌కూ ఫిల్టరు (మాటను, డేటాను విడదీసే చిన్న పెట్టె) తప్పనిసరి. ఒక్క ఫోన్‌కు మరచినా మోగినప్పుడల్లా నెట్ తెగవచ్చు. పక్కపక్కనే వెళ్లే రెండు జతలూ ఒకదాని సిగ్నల్‌ను మరొకటి కొంత చెడగొడతాయి. ఏడీఎస్‌ఎల్2ప్లస్ అనే డీఎస్‌ఎల్ రకం కాగితం మీద సెకనుకు 24 మెగాబిట్లు ఇస్తుంది, ఎక్స్ఛేంజికి దూరం పెరిగే కొద్దీ అందులో చిన్న భాగమే మిగులుతుంది. రెండో లైను ఆ దూరాన్ని తగ్గించదు. ఫైబర్ దొరికే చోట రాగి మీద రెండో బ్రాడ్‌బ్యాండ్ నేను సిఫారసు చేయను, ఫైబర్‌కు తోడుగా వేరే దారిలో వస్తోందంటే తప్ప.

ఆ "వేరే దారి" గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే రెండు లైన్లకు డబ్బు కట్టి, రెండూ ఒకేసారి పోయినప్పుడు తెల్లబోయేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. జీపాన్ అనే రకం ఫైబర్‌లో ఒక్క పోగు కాంతిని స్ప్లిటరు 32 లేదా 64 ఇళ్లకు పంచుతుంది. దిగువకు (ఇళ్ల వైపు) 2.5 గిగాబిట్లు, ఎగువకు (ఇళ్ల నుంచి) 1.25 గిగాబిట్లు అందరికీ ఉమ్మడి. ఒకే కంపెనీ దగ్గర రెండో కనెక్షన్ తీసుకుంటే అదీ చాలావరకు అదే స్ప్లిటరు నుంచి, అదే స్తంభం మీదుగా వస్తుంది. రోడ్డు తవ్వినవాడి పార దేన్నైతే తెంపుతుందో దానిలోనే రెండూ ఉంటాయి. వేరే కంపెనీ అయితే చాలా? అదీ చాలదు. ఒక కంపెనీ తీగను ఇంకో పేరుతో అమ్మేవాళ్లున్నారు, పేర్లు రెండైనా గాజు పోగుల కట్ట ఒకటే కావచ్చు. ట్రేస్‌రూట్ చూసి వేరువేరని నమ్మొద్దు. అది డేటా ఇంటర్నెట్‌లో ఏ ఐపీ చిరునామాల మీదుగా వెళ్తోందో చూపిస్తుంది కానీ నేలలో ఏ గొట్టంలోంచి తీగ వెళ్తోందో చూపించదు. బిగించడానికి వచ్చిన మనిషిని "ఇది ఏ బాక్సు నుంచి, ఏ వైపు నుంచి వస్తోంది" అని అడగండి, వీధిలోకి వెళ్లి కళ్లతో చూడండి. రెండు తీగలూ ఒకే స్తంభం మీంచే దిగుతుంటే రెండోదాన్ని గాలిలో తెచ్చుకోవడమే మంచిది: సిమ్ వేసే 4జీ, 5జీ రౌటరు, లేదా మేడ మీద యాంటెన్నాతో వచ్చే వైర్‌లెస్ బ్రాడ్‌బ్యాండ్. మొబైల్ సిగ్నల్‌ను ఫోన్‌లో గీతలు చూసి అంచనా వేయకండి. ఆర్‌ఎస్‌ఆర్‌పీ అనే అంకె చూపించే యాప్‌తో, రౌటరు పెట్టబోయే చోటే కొలవండి. అది సిగ్నల్ బలం, సున్నాకు ఎంత దగ్గరైతే అంత మంచిది. మైనస్ 90 డీబీఎం కంటే మెరుగ్గా ఉంటే నిశ్చింత. మైనస్ 110 కంటే దిగజారిందంటే సాయంత్రం వేళ ఏడిపిస్తుంది.

కరెంటు కూడా ఒక దారే. రెండు లైన్ల పెట్టెలూ ఒకే ప్లగ్గుకు తగిలిస్తే ఆ ప్లగ్గు పోతే రెండూ పోతాయి. రాగి ఫోన్‌కు ఎక్స్ఛేంజి నుంచే 48 వోల్టులు వచ్చేవి, కరెంటు పోయినా తీగ ఫోన్ మోగేది. ఫైబర్ ఫోన్‌కు ఆ సదుపాయం లేదు: ఓఎన్‌టీ ఆగితే ఫోన్ మూగబోతుంది, అత్యవసర కాల్ కూడా వెళ్లదు. ఇంట్లో పెద్దవాళ్లుంటే, దొంగల అలారం గానీ లిఫ్టు ఫోన్ గానీ ఆ లైను మీద ఉంటే, బ్యాటరీ లేకుండా ఫైబర్‌కు మారకండి. ఓఎన్‌టీ, రౌటరు రెండూ చాలావరకు 12 వోల్టుల డీసీవే, కలిపి 20 వాట్లు తింటాయనుకుందాం. 12 వోల్టుల 7 ఆంపియర్‌-అవర్ లెడ్ బ్యాటరీలో 84 వాట్‌-అవర్లుంటాయి. మార్పిడి నష్టం తీసేసి, బ్యాటరీని అడుగంటా దింపకుండా వాడితే రెండు నుంచి రెండున్నర గంటలు వస్తుంది. చిన్న డీసీ యూపీఎస్ కొనేటప్పుడు వోల్టు సరిగ్గా కలవాలి, ఆంపియర్ సమానమైనా ఎక్కువైనా పర్లేదు, పిన్ను నడిమి భాగం ప్లస్సా మైనస్సా అన్నది అడాప్టరు మీది బొమ్మతో సరిచూడాలి. ఇంకో తేడా కూడా ఉంది. వీధిలోని ఫైబర్ స్ప్లిటరుకు కరెంటు అక్కర్లేదు. కానీ కొన్ని అపార్ట్‌మెంట్లలో ఫైబర్ మెట్ల దగ్గరి నెట్‌వర్క్ స్విచ్చు (నెట్‌ను ఫ్లాట్లకు పంచే పెట్టె) వరకే వచ్చి, అక్కడినుంచి ఫ్లాట్లకు ల్యాన్ తీగ (కంప్యూటరుకు తగిలించే రకం నెట్ తీగ) వస్తుంది. ఆ స్విచ్చుకు బ్యాకప్ లేకపోతే మీ ఇంట్లో ఎంత పెద్ద బ్యాటరీ పెట్టుకున్నా లాభం లేదు.

తీగ ఇంట్లోకి తెచ్చే రోజు మీరు దగ్గరుండాలి. ఎక్కడ బిగించాలో ముందే అనుకోకపోతే, వచ్చినవాళ్లు కిటికీకి దగ్గరగా, తమకు తేలికైన చోట చిల్లు వేసి వెళ్లిపోతారు. ఇంటి మధ్యలో, గాలి ఆడే చోట, రెండు వేరు ప్లగ్గులున్న గోడ చూసుకోండి. చిల్లు బయటి వైపుకు కిందికి వాలి ఉండాలి, లేదంటే వాన నీరు తీగ వెంబడి లోపలికి వస్తుంది. ఇంట్లో వాడే వంగే రకం ఫైబర్ 7.5 నుంచి 10 మిల్లీమీటర్ల వ్యాసార్ధం వరకు ఓర్చుకుంటుంది, మామూలు రకానికి 30 కావాలి. తలుపు సందులో నొక్కుకుపోతే ఏ రకమూ ఓర్చుకోదు. ఆకుపచ్చ కనెక్టరు మొన 8 డిగ్రీలు ఏటవాలుగా, నీలం కనెక్టరు మొన దాదాపు సమంగా ఉంటాయి. రెండింటినీ కలిపితే బిగుసుకుంటాయి కానీ మధ్యలో సందు మిగిలి కాంతి నష్టపోతుంది. మొన లోపలికి చూడకండి, ఆ పరారుణ కాంతి కంటికి కనిపించదు కానీ హాని చేయగలదు.

బిగించిన మనిషి వెళ్లేముందు పవర్ మీటరు రీడింగు అడిగి ఫొటో తీసి పెట్టుకోండి. మామూలు జీపాన్ ఓఎన్‌టీకి మైనస్ 8 నుంచి మైనస్ 27 డీబీఎం మధ్య కాంతి అందాలి. మైనస్ 20 దగ్గర ఉంటే బాగుంది. మైనస్ 26 ఉంటే ఈ రోజు నడుస్తుంది, కనెక్టరు మీద కాస్త దుమ్ము పడిన రోజున ఆగిపోతుంది. ఇప్పుడే మళ్లీ స్ప్లైస్ చేయమనండి (పోగుల అతుకు మళ్లీ వేయమనండి), తర్వాత వాళ్లను రప్పించడం కష్టం. ఎల్‌ఓఎస్ లైటు ఎర్రగా వెలిగితే కాంతే అందడం లేదన్నమాట, తప్పు తీగలో ఉంది. ఎల్‌ఓఎస్ ఆరి పాన్ లైటు మిణుకుతూనే ఉంటే కాంతి వస్తోంది, చాలావరకు కంపెనీ వైపు ఓఎన్‌టీ సీరియల్ నంబరు ఎక్కలేదు. ఫిర్యాదు చేసేటప్పుడు ఈ తేడా చెబితే సగం రోజు మిగులుతుంది.

ల్యాన్ తీగలు ఒక్కో గదికి రెండేసి లాగించండి. పైపులో స్ప్రింగు దూర్చిన శ్రమ ఒకటే, తీగ ఒకటైనా రెండైనా. అచ్చమైన రాగి క్యాట్6 కొనండి, అల్యూమినియానికి రాగి పూత పూసినది వద్దు. కరెంటు తీగలున్న పైపులో దీన్ని కలపొద్దు. వేగం ఎప్పుడు కొలిచినా 94 మెగాబిట్ల దగ్గరే ఆగిపోతుంటే కంపెనీని తిట్టుకునే ముందు ఆ తీగను చూడండి: 100 మెగాబిట్లకు రెండు జతలు చాలు, గిగాబిట్‌కు నాలుగూ కావాలి. క్రింపింగ్‌లో (తీగ కొసకు ప్లగ్గు బిగించడంలో) ఒక్క పోగు తప్పినా పరికరాలు చెప్పకుండా 100కు దిగిపోతాయి.

రెండు లైన్లూ వచ్చాక వాటిని ఎలా కలపాలి? అందరికీ రెండు వాన్ పోర్టులున్న (బయటి లైన్లు రెండు తగిలించగల) రౌటరు అవసరం లేదు. రెండు పెట్టెలకూ వేరు వైఫై పేర్లు పెట్టి, 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకటి 1వ ఛానల్ మీద, ఇంకొకటి 6 లేదా 11 మీద ఉంచి, ఒకటి పోయినప్పుడు చేత్తో మార్చుకోవడం చాలా ఇళ్లకు సరిపోతుంది. ప్రింటరు ఒక నెట్‌వర్క్‌లో, ల్యాప్‌టాప్ ఇంకోదాంట్లో ఉంటే ఒకదానికొకటి కనిపించవు, అంతే ఇబ్బంది.

దానంతటదే మారాలంటే రెండు వాన్‌ల రౌటరు కావాలి. దాన్ని తగిలించగానే ఎదురయ్యే మొదటి గండం, రెండు కంపెనీల పెట్టెలూ 192.168.1.1 అనే ఒకే చిరునామాతో ఉండటం. ఒకదాన్ని 192.168.2.1కు, మీ సొంత రౌటరును 192.168.10.1 లాంటి మూడోదానికి మార్చండి. వీలైతే రెండు పెట్టెలనూ బ్రిడ్జి మోడ్‌లో (రౌటరుగా పనిచేయకుండా సిగ్నల్‌ను దాటించే తీరులో) పెట్టించి, పీపీపీఓఈ అనే కంపెనీ లాగిన్ మీ రౌటరులోనే ఇవ్వండి. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వీల్యాన్ నంబరు (కంపెనీ తన లైనుకు ఇచ్చే గుర్తు) ముందే అడిగి రాసుకోవాలి, ఎంటీయూ (ఒక్కో డేటా ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) 1492 పెట్టాలి. అది 1500గానే ఉండిపోతే కొన్ని సైట్లు తెరుచుకుంటాయి, కొన్ని తిరుగుతూనే ఉంటాయి.

తర్వాత ఫెయిలోవర్, అంటే ఒక లైను పోగానే రెండోదానికి దానంతటదే మారడం. రౌటరు "తీగ తగిలి ఉందా" అని మాత్రమే చూస్తే పనికిరాదు, ఎందుకంటే వీధిలో ఫైబర్ తెగినా ఓఎన్‌టీకీ రౌటరుకూ మధ్య ల్యాన్ తీగ లైటు పచ్చగా వెలుగుతూనే ఉంటుంది. బయటి చిరునామాలు రెండింటిని, 1.1.1.1, 8.8.8.8 లాంటివి, ప్రతి 5 సెకన్లకు పింగ్ చేసి (జవాబు అడిగి), మూడుసార్లు వరసగా జవాబు రాకపోతే మారేలా పెట్టండి. మొదటి లైను తిరిగొచ్చాక వెంటనే వెనక్కి వెళ్లకుండా కొన్ని నిమిషాలు ఆగేలా చూడండి. లేకపోతే కొస ప్రాణంతో ఉన్న లైను మీదికీ రెండోదాని మీదికీ మారుతూ కాల్స్ అన్నీ తెగుతాయి. డీఎన్ఎస్ (సైటు పేరును ఐపీ చిరునామాగా మార్చే సేవ) ఒక కంపెనీది ఉంచితే, ఇంకో కంపెనీ లైను మీంచి అడిగినప్పుడు అది జవాబివ్వకపోవచ్చు. నెట్ ఉండి కూడా లేనట్టే అవుతుంది. పబ్లిక్ డీఎన్ఎస్ వాడండి.

లోడ్ బ్యాలెన్సింగ్ (పనిని రెండు లైన్లకూ పంచడం) పెడితే వేగం రెట్టింపవుతుందన్న ఆశ వద్దు. ఒక డౌన్‌లోడ్ ఒకే లైను మీద వెళ్తుంది, 100 మెగాబిట్ల లైనులో సెకనుకు 12.5 మెగాబైట్లే దాని హద్దు. నలుగురు ఒకేసారి వాడినప్పుడు మాత్రం పని పంచుకుంటాయి. బ్యాంకు సైట్లు మధ్యలో ఐపీ మారితే లాగౌట్ చేస్తాయి, వాటిని ఒకే లైనుకు కట్టేసే నియమం రాయాలి. ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు ఫెయిలోవర్ ఒక్కటీ చాలు, దాని తలనొప్పులు తక్కువ.

ఫోన్ మాత్రం వేరే కథ. కంపెనీ ఇచ్చే ఫైబర్ ఫోన్ సాధారణంగా ఆ కంపెనీ లైను మీదే పలుకుతుంది. నెట్ రెండో లైనుకు మారినా నంబరు మారదు, మూగగానే ఉంటుంది. కాబట్టి "అందుబాటులో లేకపోతే" మొబైల్‌కు పంపే కాల్ ఫార్వార్డింగ్‌ను కంపెనీ వైపు ముందే పెట్టించాలి, లైను పోయాక మీ ఫోన్ నుంచి పెట్టలేరు. సొంతంగా ఇంటర్నెట్ ఫోన్ సేవ వాడేవాళ్లు రౌటరులో సిప్ ఏఎల్‌జీ (ఇంటర్నెట్ కాల్ డేటాను రౌటరు మధ్యలో మార్చే సెట్టింగు) ఆపేయండి. ఒకవైపు మాటే వినిపించడానికి తరచూ కారణం అదే. ఇంట్లోని కెమెరాను బయటినుంచి చూసేవాళ్లు వాన్ ఐపీ ఒకసారి గమనించండి. అది 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే కంపెనీ ఒకే ఐపీని చాలామందికి పంచుతోందన్నమాట, పోర్ట్ ఫార్వార్డింగ్ (బయటి నుంచి వచ్చేదాన్ని ఇంట్లోని పరికరానికి పంపే నియమం) పనిచేయదు, స్టాటిక్ ఐపీ (మీకే ప్రత్యేకించిన, మారని చిరునామా) అడగాలి.

పాత లైను మూసే ముందు కొత్తదాన్ని నిజంగా పరీక్షించండి. వీడియో కాల్‌లో ఉండగా మొదటి లైను ఫైబర్ కనెక్టరును ఓఎన్‌టీ నుంచి తీయండి. ప్లగ్గు తీసి చూడటం తేలిక పరీక్ష, దానికి ఏ రౌటరైనా మారుతుంది. కాల్ ఎన్ని సెకన్లు ఆగిందో, తిరిగి కలిపాక ఏమైందో చూడండి. ఆ తర్వాత మెయిన్ స్విచ్చు ఆపి బ్యాటరీ మీద రెండు లైన్లూ ఉన్నాయా చూడండి. సాయంత్రం రద్దీ వేళ ఇంకోసారి కొలవండి.

అన్నీ కుదిరాక సరెండర్ దరఖాస్తు రాతలో ఇచ్చి, నంబరు ఇప్పటికే పోర్ట్ అయిందని అందులో పేర్కొనండి. పాత కంపెనీ ఇచ్చిన ఈమెయిల్ చిరునామాతో ఎక్కడెక్కడ ఖాతాలున్నాయో ముందే మార్చుకోండి, కనెక్షన్‌తో పాటు అదీ పోవచ్చు. పెట్టెను ఫ్యాక్టరీ రీసెట్ చేసి, అడాప్టరుతో సహా అప్పగించి, సీరియల్ నంబరు రాసిన రసీదు తీసుకోండి. గోడలోంచి వచ్చే ఫైబర్‌ను కోయకండి, మొనకు మూత పెట్టి చుట్టగా చుట్టి అక్కడే వదిలేయండి. ఆ ఇంట్లోకి వచ్చేవాళ్లకు కొత్త తీగ లాగే పని తప్పుతుంది.